బెండు తీయించిన వెనక చక్రం మళ్లీ మళ్లీ ఊగుతోంది, రిమ్ము మార్చాల్సిందేనా?

వంకరచక్రం:
నమస్తే అందరికీ. నా సైకిల్ వెనక చక్రం తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి ఎడమ బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది. నెమ్మదిగా పోతే సర్రు సర్రుమని వినబడుతుంది, వేగం పెరిగితే తొక్కడం బరువవుతోంది. అల్యూమినియం రిమ్ము, 36 స్పోకులు, 7 గేర్ల ఫ్రీవీల్, మామూలు రిమ్ము బ్రేకులు.

ఒక మెకానిక్ దగ్గర బెండు తీయించాను. కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ అదే చోట ఊగడం మొదలైంది. ఇంకోసారి తీయించాను, అదే కథ. ఆయన తీసేటప్పుడు పక్కనే నిలబడి చూశాను. వంకర ఉన్నచోట కుడివైపు స్పోకులు రెండు మూడు గట్టిగా బిగించి, చక్రం ఒకసారి తిప్పి, అయిపోయింది తీసుకెళ్లమన్నాడు. బ్రేకు రాసుకోకుండా కాస్త వెడల్పు కూడా చేసి ఇచ్చాడు.

ఈసారి నేనే చేద్దామని నిపిల్ కీ (స్పోకు కొసన రిమ్ము దగ్గర ఉండే చిన్న నట్టును, అంటే నిపిల్‌ను తిప్పేది) కొన్నాను. స్టాండు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు ఈ రిమ్ము పనికొస్తుందా?

గాలిపంపు:
కీ పక్కన పెట్టండి ముందు. ఊగేది రిమ్మేనా అన్నది తేల్చుకోవాలి. టైరు సరిగ్గా కూర్చోకపోయినా చక్రం వంకరగానే కనిపిస్తుంది. టైరు అంచు పక్కన రిమ్ముకు సమాంతరంగా ఒక సన్నని గీత ఉంటుంది చూడండి. అది చుట్టూ ఒకే దూరంలో ఉండాలి. ఎక్కడైనా లోపలికి దిగిపోయినా, బయటికి పొడుచుకొచ్చినా తప్పు టైరుదే. గాలి తీసి, అంచు చేత్తో సర్ది, మళ్లీ కొట్టుకుంటే సరిపోతుంది.

రెండోది హబ్బు, స్పోకులన్నీ వచ్చి కలిసే చక్రం నడిమి భాగం. సైకిల్ ఫ్రేము ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో రిమ్మును అటూ ఇటూ ఊపండి. లోపల టక్ టక్ మని కదిలితే బేరింగులను పట్టి ఉంచే కోన్లు వదులయ్యాయి. అలాంటి చక్రానికి ఎంత బెండు తీసినా దండగ, తిప్పినప్పుడల్లా ఒక్కో చోట వంకర చూపిస్తుంది. మూడోది యాక్సిల్, అంటే ఇరుసు. ఫ్రీవీల్ ఉన్న హబ్బుల్లో కుడివైపు బేరింగు నుంచి నట్టు దాకా యాక్సిల్‌కు ఆధారం ఉండదు. గుంతల్లో దూకించే బళ్లకు అది వంగడం, విరగడం మామూలే. చక్రం విప్పి యాక్సిల్‌ను వేళ్లతో తిప్పితే, వంగినదైతే కొస గుండ్రంగా తిరగకుండా ఊగుతుంది.

ఈ మూడూ బాగుంటేనే స్పోకుల జోలికి పోండి.

వంకరచక్రం:
చూశానండీ. టైరు గీత చుట్టూ సమంగానే ఉంది. హబ్బు కదలడం లేదు, యాక్సిల్ నిటారుగానే ఉంది. ఫ్రేముకు ఒక జిప్ టై కట్టి, దాని కొస రిమ్ముకు తగిలీ తగలకుండా కత్తిరించి తిప్పాను. మూరెడు పొడవునా రిమ్ము ఎడమకు ఉబ్బింది, మిగతా అంతా దాదాపు తిన్నగా ఉంది. ఉబ్బు గట్టిగా చూస్తే 3 మిల్లీమీటర్లు ఉంటుంది.

నత్తనడక:
రెండుసార్లు తీయించినా నిలవలేదంటే రిమ్ము చచ్చిందని అర్థం బ్రో. కొత్త చక్రం వేసుకుని హాయిగా తొక్కు. ఈ పావు చుట్టులు, అర చుట్టులు తెలియనివాళ్లు మొదలుపెడితే ఉన్నది కాస్తా ఎనిమిది అంకె అవుతుంది.

నిపిల్‌కీ:
నత్తనడక గారూ, రోగం తెలియకుండానే కొత్త చక్రం రాసిచ్చేస్తే ఎలాగండీ. 3 మిల్లీమీటర్ల ఉబ్బు, అదీ ఒక్కచోటే, మిగతాది తిన్నగా ఉంది. రిమ్ము పోయిందని అప్పుడే అనలేం.

వంకరచక్రం గారూ, మీ మెకానిక్ చేసిన పని మీరు రాసిన తీరులోనే అసలు సంగతి ఉంది. ఆయన బిగించాడు, వదులు చేయలేదు. బెండు తిరిగి రావడానికి నేను చూసినంతలో అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

హబ్బుకు రెండు వైపులా స్పోకులు తగిలించే రెక్కలు ఉంటాయి; చక్రంలో స్పోకులు ఒకటి హబ్బు కుడి రెక్కకు, పక్కది ఎడమ రెక్కకు పోతాయి. పందిరి గుంజకు రెండు వైపులా కట్టిన తాళ్లలాగే ఇవీ. గుంజ ఎడమకు ఒరిగిందంటే కుడి తాడు వదులై ఉండొచ్చు, ఎడమ తాడు మరీ బిగుసుకుని ఉండొచ్చు. రెండో సందర్భంలో కూడా కుడి తాడే లాగితే గుంజ నిటారుగా నిలబడుతుంది, కానీ రెండు తాళ్లూ తెగేంత బిగుతు మీద ఉంటాయి. చక్రంలో అయితే అంత బిగుతు ఒకచోటే చేరి, పక్క స్పోకులు వదులుగా మిగిలిపోతాయి. అందుకే ఉబ్బు ఉన్నచోట ముందు ఎడమ స్పోకులనూ కుడి స్పోకులనూ వేళ్లతో నొక్కి చూడాలి, ఆ తర్వాతే కీ. ఎడమది గట్టిగా ఉంటే దాన్ని వదలాలి. కుడిది మెత్తగా ఉంటే దాన్ని బిగించాలి. రెండూ తమ తమ వైపు తోటివాటిలాగే ఉంటే సగం సగం.

పని మొదలుపెట్టే ముందు ప్రతి నిపిల్ దగ్గర, స్పోకు నిపిల్‌లోకి దూరే చోట, ఒక్కో చుక్క నూనె వేసి కాసేపు వదిలేయండి. రిమ్ములో నిపిల్ కూర్చునే కన్నం దగ్గర కూడా వేయాలి. పొడి మర మీద తిప్పితే నిపిల్‌తో పాటు స్పోకు కూడా మెలి తిరుగుతుంది. నూనె బ్రేకు తగిలే చోటికి కారితే గుడ్డతో వెంటనే తుడిచేయండి.

కీ సైజు కూడా చూసుకోండి. నిపిల్ చదరం ఎక్కువగా మూడు సైజుల్లో వస్తుంది, 3.23, 3.3, 3.45 మిల్లీమీటర్లు. పార్క్ టూల్ కంపెనీ కీల్లో అయితే నలుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగులు వరుసగా ఇవే. చుట్టూ గాళ్లున్న గుండ్రటి కీ అయితే నిపిల్‌కు పట్టే గాళ్లలో అతి ఇరుకైనది వాడండి. ఒకసారి నిపిల్ మూలలు అరిగిపోయాయంటే తర్వాత ఏ కీ పట్టదు.

మర పిచ్, అంటే ఒక చుట్టుకు మర కదిలే దూరం, సుమారు 0.45 మిల్లీమీటర్లు. అంటే పావు చుట్టుకు స్పోకు 0.11 మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. వినడానికి ఏమీ లేనట్టుంది కదా, రిమ్ము మీద మాత్రం కళ్లకు కనబడుతుంది. ఉబ్బు నడుమ ఉన్న స్పోకులకు పావు చుట్టు, అంచుల్లో ఉన్నవాటికి అందులో సగం. తిప్పి చూడండి, మళ్లీ చేయండి. ఒకేసారి పూర్తిగా లాగేద్దామని చూడొద్దు.

చైన్‌కవర్:
చిన్న సందేహం. అన్ని మరలూ కుడికి తిప్పితే బిగుస్తాయి కదా, నేను నా ముందు చక్రంలో నిపిల్ కుడికి తిప్పుతుంటే స్పోకు వదులవుతోంది. నా నిపిళ్లు తిరగబడ్డ మరవా?

నిపిల్‌కీ:
మర మామూలుదే. మీరు చూసే వైపు తిరగబడింది. నిపిల్ తల టైరు లోపల ఉంటుంది. టైరు తీసేసి ఆ తల మీద స్క్రూడ్రైవర్ పెట్టినట్టు ఊహించుకోండి, అటు నుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కే బిగుతు. మనం కీ పట్టుకుని హబ్బు వైపు నుంచి చూస్తాం, అందుకే అది ఎదురు దిక్కుగా కనబడుతుంది.

సైకిల్ తలకిందులు చేసి పనిచేసేవాళ్లు ఇక్కడే తికమక పడతారు. చక్రం పైభాగాన నిపిల్ తిప్పితే టైరు వైపు నుంచి చూస్తున్నట్టు, కిందిభాగాన తిప్పితే హబ్బు వైపు నుంచి చూస్తున్నట్టు. వెనక బ్రేకు రబ్బర్లు తలకిందుల సైకిల్‌లో కిందికి పోతాయి కాబట్టి అక్కడ పనిచేస్తే అపసవ్యమే బిగుతు. ఏదో ఒక చోటు ఎంచుకుని, స్పోకును తిప్పి ఆ చోటికే తెచ్చుకుని పనిచేయండి. గందరగోళం ఉండదు.

స్వరాలసైకిల్:
వేళ్లతో నొక్కి చూడమన్నారు. చెవి ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. స్పోకును గోటితో మీటండి, తీగ మోగినట్టు మోగుతుంది. ఒకే పొడవు, ఒకే మందం ఉన్న స్పోకుల్లో స్వరం ఎంత పైకి ఉంటే టెన్షన్, అంటే బిగుతు, అంత ఎక్కువ.

లెక్క కూడా తేలికే. ధ్వని పౌనఃపున్యం టెన్షన్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అంటే ఒక్క స్వరస్థానం తేడా వినబడితే, సప్తకంలోని పన్నెండింటిలో ఒకటన్నమాట, టెన్షన్‌లో సుమారు 12 శాతం తేడా. రెండు స్వరస్థానాలు అంటే 26 శాతం. పక్కపక్క స్పోకుల మధ్య అంత తేడా ఉంటే ఆ చక్రం ఇవాళ తిన్నగా ఉన్నా రేపు ఉండదు.

రెండు జాగ్రత్తలు. వెనక చక్రంలో కుడివైపు స్పోకులను కుడివాటితో, ఎడమవాటిని ఎడమవాటితోనే పోల్చాలి. ఫ్రీవీల్ చోటు తినేయడం వల్ల కుడి రెక్క చక్రం మధ్యకు దగ్గరగా ఉంటుంది, అటు స్పోకులు నిటారుగా నిలబడి గట్టిగా లాగాలి. ఎడమ స్పోకులు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి తక్కువ టెన్షన్‌తోనే సమతూకం కుదురుతుంది, చాలా చక్రాల్లో కుడివాటిలో సగం, సగానికి కాస్త ఎక్కువ. అందువల్ల ఎడమవి మంద్రంగా మోగడం తప్పు కాదు. రెండో జాగ్రత్త, స్పోకులు ఒకదాన్ని ఒకటి దాటుకునే చోట తాకుతూ ఉంటాయి కదా, మీటేటప్పుడు ఆ దాటుకు పైన, రిమ్ముకూ దాటుకూ మధ్యలో మీటండి. వాల్వు దగ్గర మొదలుపెట్టి ఒక్కో వైపు 18 స్పోకులూ వరుసగా వినండి. తేడా ఉన్నదానికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

ఫోన్‌లో గిటార్ శ్రుతి చూసే యాప్ ఉంటే చెవి మీద నమ్మకం లేనివాళ్లు అదీ వాడుకోవచ్చు. నాకైతే చెవే చాలు.

నత్తనడక:
కచేరీ బాగుంది. టెన్షన్ మీటరు అని ఒకటి ఉంటుంది, తెలుసా మీకు?

గాలిపంపు:
మీటరు ఉంటే మంచిదే, కాదనను. ఎంత బిగుతు ఉందో అంకెలో చెప్పేది అదొక్కటే. చెవి ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నదే చెబుతుంది. కానీ ఉన్న చక్రానికి బెండు తీయడానికి చాలాసార్లు ఆ ఎక్కువ తక్కువలు తెలిస్తే చాలు.

అంకె కావాలంటే, ఈ కాలపు అల్యూమినియం రిమ్ములకు వెనక కుడివైపు స్పోకు ఒక్కొక్కటి 100 నుంచి 120 కిలోల బలంతో లాగుతుంటుంది. పై హద్దు రిమ్ము తయారీదారు ఎంత చెబితే అంత. దాన్ని దాటితే నిపిల్ కన్నాల చుట్టూ సన్నటి చీలికలు కనబడతాయి. అవి కనబడ్డ రిమ్ముకు ఇక కీ అవసరం లేదు, మార్చేయడమే. ఇంకో మాట, టైరులో గాలి కొడితే రిమ్ము మీద ఒత్తిడి పడి స్పోకుల టెన్షన్ కాస్త తగ్గుతుంది. కొలిస్తే ఎప్పుడూ ఒకే స్థితిలో కొలవండి, గాలి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

వంకరచక్రం:
మీటి చూశాను. నాకు సంగీతం ఒక్క ముక్క రాదు, అయినా తేడా తెలిసిపోయింది. ఉబ్బు నడుమ ఎడమవైపు ఒక స్పోకు దాని తోటివాటికన్నా బాగా పైకి, కణకణ మోగుతోంది. దానికి అటూ ఇటూ ఉన్న కుడి స్పోకులు రెండూ డుబ్బు డుబ్బుమంటున్నాయి, వేళ్లతో నొక్కితే మిగతా కుడివాటికన్నా సులువుగా వంగుతున్నాయి. తమాషా ఏమిటంటే మెకానిక్ బిగించినవి ఈ రెండే. నా కళ్లముందే బిగించాడు!

నూనె వేసి, ఎడమది పావు చుట్టు వదిలి, కుడివి రెండూ పావు చుట్టు బిగించాను. నిపిల్ మొదట కదలనంది, కాస్త బలం పెడితే కిర్రుమని జారింది. ఉబ్బు సగానికి పైగా తగ్గింది. అంటే ఆ ఎడమ స్పోకే దొంగా? మరి బిగించిన కుడివి ఎలా వదులయ్యాయి?

నిపిల్‌కీ:
దొరికింది. ఎడమది ఎందుకు అంత బిగుసుకుందో ఇప్పుడు చెప్పడం కష్టం, ఎప్పుడో ఎవరో తిప్పి ఉంటారు. కుడివి వదులవ్వడానికి మాత్రం మీరు రాసిన ఆ కిర్రే సాక్ష్యం. మర పొడిగా ఉంది. అలాంటప్పుడు కీ అర చుట్టు తిరిగితే నిపిల్ నిజంగా మర మీద తిరిగింది అందులో కొంతే, మిగతాది స్పోకు మెలిపడటం. చక్రం చూడ్డానికి తిన్నగా వస్తుంది. రోడ్డెక్కి బరువు పడగానే ఆ మెలి విప్పుకుంటుంది, నిపిల్ వెనక్కి తిరుగుతుంది, వంకర తిరిగొస్తుంది. బెండు తీయించిన చక్రం మొదటిసారి ఎక్కినప్పుడు టిక్ టిక్ మని చప్పుళ్లు వస్తాయే, అవి ఇవే.

మెలి పడుతోందా లేదా చూడాలంటే తిప్పబోయే స్పోకుకు చిన్న టేపు ముక్క జెండాలా అంటించండి. కీ తిప్పుతున్నప్పుడు జెండా కూడా తిరిగిందా, స్పోకు మెలిపడుతున్నట్టే. పావు చుట్టు కావాలంటే కాస్త ఎక్కువ తిప్పి, జెండా మొదటి చోటికి వచ్చేదాకా వెనక్కి తేవాలి. 2 మిల్లీమీటర్ల మందం స్పోకుల్లో ఈ మెలి తక్కువ. మధ్యలో 1.5 మిల్లీమీటర్లకు సన్నబడే స్పోకుల్లో అయితే జెండా లేకుండా పని చేయడమే దండగ.

అంతా అయ్యాక ఒకే వైపున పక్కపక్కన సమాంతరంగా పోయే స్పోకులను జతలు జతలుగా రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పిసకండి. చేతికి తొడుగు వేసుకోండి, లేకపోతే అరచేతిలో గీతలు పడతాయి. చక్రమంతా ఒక చుట్టు ఇలా చేస్తే మిగిలిన మెలి విడిపోతుంది, స్పోకు మెడలు హబ్బు కన్నాల్లో సరిగ్గా కూర్చుంటాయి. తర్వాత మళ్లీ తిప్పి చూస్తే కాస్త వంకర తేలుతుంది. కంగారు పడొద్దు, రోడ్డు మీద రావాల్సింది ఇక్కడే వచ్చింది. సరిచేసి మళ్లీ పిసకండి. పిసికినా ఏమీ మారని దాకా.

రాళ్లదారి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా ముందు చక్రం గుంతలో గట్టిగా పడింది. రిమ్ము అంచు ఒకచోట బయటికి ఉబికింది, ఆ చోట చక్రం లోపలికి నొక్కుకుపోయినట్టు కూడా ఉంది. స్పోకులు తిప్పితే వస్తుందా?

గాలిపంపు:
మీది వేరే కథ అన్నా. రెండు దెబ్బలు కలిసి ఉన్నాయి. అంచు ఉబకడం స్పోకులతో పోదు. టైరు తీసి, చెక్కముక్కలు అడ్డం పెట్టి, వైసులో గానీ పెద్ద పటకారుతో గానీ కొంచెం కొంచెంగా నొక్కాలి. చీలిక కనబడితే ఆపేయాలి. అల్యూమినియం ఒకసారి వంగాక తిరిగి వంచితే అక్కడ బలహీనపడుతుంది. రిమ్ము బ్రేకు ఉన్న ముందు చక్రం కాబట్టి నేనైతే ఎక్కువ ఆశ పెట్టుకోను.

లోపలికి నొక్కుకున్న చోట స్పోకులు వదులుగా ఉన్నాయా చూడండి. ఉంటాయి. వాటిని ఇంకా వదలడం వల్ల రిమ్ము బయటికి రాదు, స్పోకు తోయదు కదా, లాగుతుంది అంతే. స్పోకులు పూర్తిగా సడలించాక కూడా ఆ చోట పల్లం అలాగే ఉందంటే లోహమే వంగిపోయింది. రిమ్ము తిన్నగా కనబడాలని చుట్టుపక్కల స్పోకులను బలవంతాన లాగితే కొన్ని మరీ బిగుతు, కొన్ని మరీ వదులు అవుతాయి. నత్తనడక గారి సలహా మీకు సరిపోతుంది, హబ్బు బాగుంటే రిమ్ము ఒక్కటే మార్చుకోండి.

నత్తనడక:
అమ్మయ్య, ఒక్కరికైనా పనికొచ్చాను.

వంకరచక్రం:
పిసకడం అయింది. మొదటిసారి పిసికినప్పుడు ఒకేసారి నాలుగైదు చోట్ల టిక్కుమంది, గుండె జారింది. తర్వాత సర్దాను. పక్క ఊగుడు అర మిల్లీమీటరు లోపే ఉందిప్పుడు. కానీ కొత్తగా రెండు కనబడుతున్నాయి. రిమ్ము అతుకు దగ్గర చక్రం కాస్త ఎత్తు లేచి దిగుతోంది, ఒక మిల్లీమీటరు ఉంటుందేమో. ఇంకొకటి, రిమ్ము రెండు బ్రేకు రబ్బర్ల నడిమధ్య లేదు, కుడికి జరిగి ఉంది. ఇదీ స్పోకుల పనేనా?

నిపిల్‌కీ:
అతుకు దగ్గరి ఎత్తు వదిలేయండి. రెండు కొసలు కలిసే చోట ఆ మాత్రం ఉంటుంది, టైరు దాన్ని మింగేస్తుంది. దాన్ని చదును చేయాలని స్పోకులు లాగితే టెన్షన్ పాడవుతుంది. వేరే చోట ఎత్తు ఉంటే మాత్రం అక్కడి కుడి స్పోకు, ఎడమ స్పోకు రెండూ సమంగా బిగించాలి. ఒక్కటే బిగిస్తే ఎత్తుతో పాటు పక్కకి కూడా లాగుతుంది.

నడిమధ్య సంగతికి వద్దాం. ముందు తప్పు చక్రానిదా, బ్రేకుదా, ఫ్రేముదా తేల్చాలి. చక్రం విప్పి, కుడి ఎడమలు మార్చి, తిరగేసి బిగించండి. గొలుసు వేయక్కర్లేదు. యాక్సిల్ రెండు వైపులా గాట్లలో పూర్తిగా పైకి కూర్చోవాలి. ఇప్పుడు రిమ్ము ఫ్రేములోని అదే కుడి కొమ్మకు దగ్గరగా ఉంటే తప్పు ఫ్రేముదో బ్రేకుదో, చక్రం బాగున్నట్టే. ఎడమ కొమ్మ వైపుకు మారితే మాత్రం చక్రమే మధ్యలో లేదు. ఈ తిరగేసే పద్ధతిలో తేడా రెట్టింపై కనబడుతుంది. రెండు స్థితుల మధ్య 4 మిల్లీమీటర్లు కదిలిందంటే సరిచేయాల్సింది 2.

చక్రానిదే అయితే, రిమ్ము ఎడమకు రావాలి కాబట్టి ఎడమవి పద్దెనిమిదీ పావు చుట్టు చొప్పున బిగించండి, చూడండి, మళ్లీ. కుడివి ముందే గట్టిగా ఉంటే బిగించడం మాని కుడివే వదలండి. ఏటవాలుగా ఉండటం వల్ల ఎడమ స్పోకు పావు చుట్టు తిప్పితే రిమ్ము పక్కకు కదిలే దూరం కుడిదానికన్నా ఎక్కువ, గమనించండి.

చైన్‌కవర్:
నాది ఇంకో బాధ. వెనక చక్రంలో స్పోకులు ఒకటి మార్చిస్తే ఇంకొకటి విరుగుతోంది. అన్నీ హబ్బు దగ్గర వంపులోనే. మరీ బిగించడం వల్లా? కాస్త వదలమంటారా?

గాలిపంపు:
వదలొద్దు! చాలామంది ఇలాగే వదులు చేసి ఇంకా విరగ్గొట్టుకుంటారు. చక్రం తిరిగేటప్పుడు నేలకు తాకే చోట ఉన్న స్పోకులు బరువుకు కాస్త సడలుతాయి, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తాయి. ప్రతి చుట్టుకూ ఇది జరుగుతుంది. స్పోకు బాగా బిగుతుగా ఉంటే సడలినా ఇంకా లాగుతూనే ఉంటుంది. వదులుగా ఉంటే కిందికి వచ్చినప్పుడు పూర్తిగా జారిపోయి, హబ్బు కన్నంలో కదిలి, మళ్లీ గుంజుకుంటుంది. వంపు దగ్గర లోహం అలా అలసిపోయి విరుగుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచి తుంచుతామే, అదే పని.

ఒకటి రెండు విరిగితే మార్చి, అన్నిటి టెన్షన్ సమం చేయండి. మూడోది, నాలుగోది కూడా విరిగిందంటే మిగతావి కూడా అదే వయసు, అదే అలసట. ఆ వైపువన్నీ కొత్తవి వేసి అల్లడమే నయం. ఫ్రీవీల్ వైపువి మార్చాలంటే ఫ్రీవీల్ విప్పాలి, దాని గాళ్లకు సరిపోయే విప్పుడు సాధనం ముందే చూసుకోండి. దారిలో విరిగితే కొసను పక్క స్పోకుకు చుట్టేసి, విరిగినదానికి అటూ ఇటూ ఉన్న ఎదుటి వైపు స్పోకులు రెండూ అర చుట్టు వదిలి, బ్రేకు వెడల్పు చేసుకుని మెల్లగా ఇంటికి చేరండి. 36 స్పోకుల చక్రం ఒకటి పోతే తట్టుకుంటుంది. 20, 24 స్పోకులవి చాలాసార్లు ఫ్రేముకే రాసుకుని నిలబడిపోతాయి.

డిస్కుబండి:
నాకు డిస్కు బ్రేకులు. రిమ్ముకు ఏదీ తగలదు కదా, కాస్త ఊగినా పట్టించుకోవాలా? ముందు చక్రంలో ఎడమ స్పోకులే గట్టిగా ఉన్నాయి, అది తప్పా?

స్వరాలసైకిల్:
తప్పు కాదు. డిస్కు ఎడమవైపు చోటు తీసుకోవడంతో అటు రెక్క లోపలికి జరిగింది, వెనక చక్రంలో ఫ్రీవీల్ చేసే పనే ఇది. ఒక మిల్లీమీటరు ఊగుడు మీకు తెలియను కూడా తెలియదు. అయితే మీకు రాసుకునే చప్పుడు ఉండదు కాబట్టి స్పోకు వదులైనా ముందే తెలిసే దారి లేదు. గాలి కొట్టినప్పుడల్లా ఒకసారి చుట్టూ మీటండి. చప్పగా మోగేది ఉంటే అదే చెబుతుంది.

వంకరచక్రం:
తిరగేసి చూశాను, తప్పు చక్రానిదే. ఎడమవన్నీ బిగిస్తూ మధ్యకు తెచ్చాను. ఎడమ స్పోకులు అన్నీ ముందు మరీ మంద్రంగా ఉండేవి, ఇప్పుడు కాస్త పైకి వచ్చాయి, అన్నీ దాదాపు ఒకేలా మోగుతున్నాయి. బ్రేకు రబ్బర్లు మళ్లీ దగ్గరకు జరిపాను, ఎక్కడా తగలడం లేదు. గుంతలున్న దారిలో తొక్కి వచ్చి చూస్తే జిప్ టైకీ రిమ్ముకూ మధ్య సందు అలాగే ఉంది.

ఒక్కటే మిగిలింది. బిగించిన ఎడమ స్పోకుల కొసలు టైరు లోపల నిపిల్ దాటి పైకి వచ్చి ఉంటాయా? ట్యూబుకు గుచ్చుకోవు కదా?

నిపిల్‌కీ:
మంచి ప్రశ్న. ఒక్క గోడే ఉండే రిమ్ములో గుచ్చుకుంటాయి. పైగోడ, కిందిగోడ ఉన్న రిమ్ములో అయితే నిపిల్ లోపలే ఉండిపోతుంది, అక్కడ ట్యూబుకు ప్రమాదం పైగోడ కన్నాల అంచులతోనే. ఏదైనా టైరు, ట్యూబు, రిమ్ టేపు తీసి వేలితో తడమండి. నిపిల్ గాడి దాటి స్పోకు కొస తగిలితే ఆకురాయితో నిపిల్ తలకు సమంగా అరగదీయండి, రజను తుడిచేయండి. టేపు పక్కలకు జరిగిపోయి ఉన్నా, చిరిగి ఉన్నా కొత్తది వేయండి, కన్నాలన్నీ పూర్తిగా కప్పేంత వెడల్పు ఉండాలి.